ఎంగిలి చెయ్యి ఎండేదాకా కూర్చోవాలా?

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి కాస్త పేరున్న ఏ హోటల్‌కైనా వెళ్ళి చూడండి. గుమ్మం దగ్గర నోటుపుస్తకం పట్టుకుని ఒకాయన పేర్లు రాసుకుంటూ ఉంటాడు. ప్లాస్టిక్ కుర్చీల్లో ముసలివాళ్ళు, వాళ్ళ ఒళ్ళో ఆకలని గునిసే పిల్లలు. లోపలేమో కిటికీ పక్క టేబుల్ దగ్గర నలుగురి భోజనాలయి అరగంట అయింది. సోంపు నమిలేశారు, బిల్లు కట్టేశారు, అయినా లేవరు. ఒకావిడ ఫోన్లో సీమంతం ఫొటోలు చూపిస్తోంది, ఇంకొకావిడ ఆడపడుచు కూతురి సంబంధం సంగతి అప్పుడే ఎత్తుకుంది. సంబంధం కబుర్లు అంత తొందరగా తేలేవా చెప్పండి!

ఎవరైనా లేవమంటే, "డబ్బులిచ్చి తిన్నాం, ఊరికే కూర్చున్నామా?" అంటారు. నిజమే. కానీ మనం డబ్బిచ్చింది భోజనానికీ, అది హాయిగా తినడానికి పట్టే వేళకీ. టేబుల్‌ని ఆ పూటంతటికీ కొనుక్కోలేదు కదా. మనం పాలవాడి లెక్క రాసుకున్నట్టే ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. రద్దీ పన్నెండున్నర నుంచి రెండున్నర దాకా అనుకుంటే 120 నిమిషాలు. ఒక్కో జట్టు తినడానికి 40 నిమిషాలు పడితే ఆ టేబుల్ మీద మూడు జట్లు తింటాయి. అందులో ఒక జట్టు తిన్నాక ఇంకో 40 నిమిషాలు కబుర్లు చెప్పుకుంటే ఒక జట్టు భోజనం మొత్తం పోయినట్టే. హోటల్‌వాడికి నలుగురి బేరం పోయింది, సర్వర్‌కి టిప్పు పోయింది. ఆ నలుగురూ ఆకలితో ఇంకో హోటల్ వెతుక్కుంటూ వెళ్ళారు.

బయట నిలబడ్డవాళ్ళలో సుగర్ ఉన్నవాళ్ళూ ఉంటారు. ఇన్సులిన్ వేసుకుని బయల్దేరినవాళ్ళకి వేళకి తిండి పడకపోతే చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి. అలాంటివాళ్ళు సంచీలో బిస్కెట్ పొట్లం, నాలుగు గ్లూకోజ్ బిళ్ళలు పెట్టుకోవాలి, అది వాళ్ళ జాగ్రత్త. కానీ గాజు తలుపు అవతల ఎవరి చేతులు వణుకుతున్నాయో ఖాళీ కంచాల ముందు కూర్చున్నవాళ్ళకి ఏం తెలుస్తుంది?

అలాగని మన ఆడవాళ్ళ తరఫు మాట చెప్పకుండా ఎలా ఉంటాను? ఇంట్లో అందరికీ వడ్డించి ఆఖర్న చల్లారిన కూరతో తినేది మనమే. ఏ నెలకో రెండు నెలలకో ఒకరు వడ్డిస్తుంటే కూర్చుని వేడివేడిగా తినే భాగ్యం పడుతుంది. ఆ రోజు కూడా గడియారం చూసుకుంటూ గబగబా మింగమంటే ఎట్లా? మింగక్కర్లేదు. తింటున్నవాళ్ళని తొందరపెట్టే హక్కు ఎవరికీ లేదు. పళ్ళు లేని మామ్మగారు పుల్కాని పప్పులో నానబెట్టుకుని గంటసేపు తిన్నా తిననివ్వండి. చంటిదానికి పెరుగన్నం పెట్టే తల్లి తన కంచం ముట్టుకునేసరికే మిగతావాళ్ళవి అయిపోతాయి. ఆవిడ కోసం అందరూ కూర్చోవలసిందే. నేను చెప్పేది అందరిదీ అయ్యాక సంగతి.

బంతి భోజనాల్లో ఈ మర్యాద రెండువైపులా ఉండేది. పక్క విస్తరివాళ్ళు మజ్జిగ దాకా రాకుండా మనం లేవకూడదు. అందరిదీ అయి పెద్దవాళ్ళు లేచాక మనం కూర్చోకూడదు. ఎంగిలి చెయ్యి ఎండేదాకా కబుర్లు చెబుతుంటే మా అమ్మమ్మ గదమాయించేది. రెండో బంతివాళ్ళు అరుగుమీద ఎదురుచూస్తుంటారని ఆవిడకి తెలుసు. ఇంటి భోజనాల్లో ఆ రెండో బంతిలో కూర్చునేది చాలామటుకు పొద్దుటి నుంచీ వండిన ఆడవాళ్ళేగా!

ఎదురుచూసేవాళ్ళకీ నాలుగు చీవాట్లు పెట్టాలి. ఇప్పటి పెళ్ళిళ్ళలో చూస్తూనే ఉన్నాం, తినేవాళ్ళ కుర్చీ పట్టుకుని వెనకాలే నిలబడతారు. పెరుగు వచ్చిందా లేదా అని ఆకులోకి తొంగిచూస్తారు. ఇంక ముద్ద గొంతు దిగుతుందా? హోటల్లోనైనా అంతే, నాలుగడుగుల దూరంలో నిలబడండి. ఇంకా తింటున్నవాళ్ళ టేబుల్ మీద హ్యాండ్‌బ్యాగ్ పెట్టడం బస్సు సీట్లో కర్చీఫ్ వేయడం కన్నా అన్యాయం.

హోటల్‌వాళ్ళూ తక్కువ తినలేదు. నోటితో ఒక్క మాట చెప్పరు. క్లీనర్ కుర్రాణ్ణి పంపించి మన మోచేతుల మధ్య తడిగుడ్డ తిప్పిస్తారు, లేకపోతే ఫ్యాన్ తగ్గిస్తారు. "అమ్మా, బయట పెద్దవాళ్ళు నిలబడి ఉన్నారు" అంటే కాదనేదెవరు? బెంగళూరులో లాల్‌బాగ్ దగ్గర మావళ్ళి టిఫిన్ రూమ్స్ అని 1924లో మొదలైన హోటల్ ఉంది. అక్కడ పేరు చెప్పి కూర్చుంటే వంతు ప్రకారం పిలుస్తారు. ఖాళీని బట్టి ముక్కూమొహం తెలియనివాళ్ళ టేబుల్‌కే కూర్చోబెడతారు. ఎదురుగా కొత్తవాళ్ళుంటే ఆడపడుచు కూతురి సంబంధం సంగతి దానంతటదే ఇంటికి వాయిదా పడుతుంది!

కూర్చోవడానికే పేరుపడ్డ చోట్లూ లేకపోలేదు. హైదరాబాద్ ఇరానీ హోటల్లో పాలరాతి బల్ల ముందు ఒక చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు పెట్టుకుని మగవాళ్ళు దేశరాజకీయాలన్నీ తేల్చేసేవాళ్ళు. ఆ భాగ్యం మన ఆడవాళ్ళకి ఏనాడూ అంతగా దక్కలేదు. ఇప్పుడు వాటిలో చాలా మూతపడ్డాయి.

కాబట్టి రద్దీవేళ వెళ్తే పెరుగు వడ్డిస్తుండగానే బిల్లు తెమ్మని చెప్పేయండి. వంటకాల ఫొటోలు ఒకటి రెండు చాలు, సాంబారు చల్లారిపోతుంది. సర్వర్ "ఇంకేమైనా కావాలామ్మా?" అని రెండోసారి అడిగాడంటే దాని అర్థం వేరే చెప్పక్కర్లేదు. ఐస్‌క్రీమ్ బయటి బండి దగ్గర తినచ్చు, పిల్లలూ సంతోషిస్తారు.

అచ్చంగా కబుర్ల కోసమే కలవాలనుకుంటే మూడున్నరకి ఏదైనా టిఫిన్ హోటల్‌కి వెళ్ళండి. సగం బల్లలు ఖాళీగా ఉంటాయి. ఒక మైసూర్ బజ్జీ ప్లేటు ముగ్గురూ పంచుకుని గంటసేపు కూర్చున్నా, కాఫీ చల్లారిందని ఇంకోటి తెమ్మన్నా ఆ వేళప్పుడు ఎవరూ విసుక్కోరు.