జబ్బు లేని రోజున జరగవలసిన పరీక్ష

మన దేశంలో సామాన్య స్త్రీ ఆసుపత్రి మెట్లెక్కటానికి సాధారణంగా రెండే కారణాలుంటాయి: ఒకటి కాన్పు, రెండవది భరించరాని బాధ. ఈ రెండూ లేని రోజున వైద్యుని వద్దకు వెళ్ళటం చాలా ఇళ్ళలో ఆనవాయితీ కాదు. "ఒంట్లో బాగానే వున్నది కదా, డాక్టరుతో ఏం పని?" అని ఇంటిలోనివారే అడుగుతారు. గర్భాశయ ముఖద్వార కాన్సరుకు ఊతమిస్తున్నది ఈ అలవాటే. అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ అంచనా ప్రకారం, 2022వ సంవత్సరంలో భారతదేశంలో సుమారు 1,27,000 మంది స్త్రీలు కొత్తగా ఈ వ్యాధి పాలయ్యారు; సుమారు 80,000 మంది మరణించారు. ప్రపంచం మొత్తం మీద ఈ వ్యాధి వల్ల సంభవించిన మరణాలలో ఐదవ వంతుకు మించి మన దేశంలోనివే.

విచారకరమైన విషయమేమంటే, ఇది మనిషికి ఎంతో గడువిచ్చే కాన్సరు. దీనికి మూలకారణం హ్యూమన్ పాపిలోమా వైరస్ అనే సూక్ష్మజీవి. ఈ వైరస్‌లో 16వ రకాన్ని 1983లో, 18వ రకాన్ని 1984లో జర్మన్ శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ త్సూర్ హౌసెన్, ఆయన సహచరులు ఈ కాన్సరు కణాలలో కనుగొన్నారు. ఆ కృషికి ఆయనను 2008లో నోబెల్ బహుమానం వరించింది. ఈ కాన్సర్లలో నూటికి 70 వంతులు ఈ రెండు రకాల వల్లనే కలుగుతాయి.

ఈ వైరస్ స్త్రీపురుష సంపర్కం ద్వారా వ్యాపిస్తుంది. దాంపత్య జీవితం గడిపే వారిలో అత్యధికులకు ఏదో ఒక సమయంలో ఇది సోకుతుంది. చాలామందిలో ఒకటి రెండేళ్ళలో దానంతటదే తొలగిపోతుంది. కనుక దీనిని ఎవరి శీలానికీ ముడిపెట్టటం న్యాయం కాదు. కొద్దిమందిలో మాత్రం ఇది తిష్ఠవేసి, ముఖద్వారంలోని కణాల తీరును మార్చివేస్తుంది. ఆ మార్పు కాన్సరుగా పరిణమించటానికి సాధారణంగా 15 నుండి 20 సంవత్సరాలు పడుతుంది. అంతకాలమూ నొప్పి వుండదు, స్రావం వుండదు, స్త్రీ తన పనులు తాను చేసుకుంటూనే వుంటుంది. పరీక్ష జరగవలసింది ఆ కాలంలోనే.

ఆ పరీక్షకు ఆద్యులలో ఒకరు గ్రీకు దేశీయుడైన జార్జ్ పాపనికొలావ్. 1913లో భార్యతో అమెరికా చేరి, న్యూయార్క్‌లోని కార్నెల్ వైద్య కళాశాలలో పరిశోధన సాగించారు. గర్భాశయ ముఖద్వారం నుండి రాలే కణాలను సూక్ష్మదర్శిని కింద చూచి కాన్సరును పసిగట్టవచ్చునని 1928లో ప్రకటించినప్పుడు ఎవరూ అంతగా పట్టించుకోలేదు. 1941లో హెర్బర్ట్ ట్రౌట్‌తో కలసి ప్రచురించిన వ్యాసంతో వైద్యలోకం మేల్కొన్నది. ఆయన పరిశోధనకు ఏళ్ళ తరబడి నమూనాలిచ్చిన స్త్రీ మరెవరో కాదు, ఆయన సతీమణి మేరీ. 1960ల ఆరంభంలో ఈ పాప్ పరీక్షను దేశవ్యాప్తంగా చేపట్టిన ఫిన్లండులో కాలక్రమాన ఈ వ్యాధి మరణాలు సుమారు 80 శాతం తగ్గాయి.

అయితే ఆ పద్ధతికి ప్రయోగశాలలు కావాలి, తర్ఫీదు పొందిన నిపుణులు కావాలి, స్త్రీలు మళ్ళీ మళ్ళీ రాగలగాలి. మన పల్లెలకు ఇవి అందని మాట నిజం. అందుచేత మన వైద్యులు సులభమార్గం వెదికారు. ముఖద్వారం మీద పలుచని ఎసిటిక్ ఆమ్లం పూస్తే, ఒక నిమిషంలో మారిన కణాలున్న చోటు తెల్లని మచ్చగా తేలుతుంది. వంటింటి వెనిగరులో వుండేది ఈ ఆమ్లమే. బొంబాయి టాటా మెమోరియల్ కేంద్రం వారు 1998లో ఆరంభించి, మురికివాడలలోని సుమారు 1,50,000 మంది స్త్రీలతో ఒక పరిశోధన నడిపారు. అందులో సగం మందికి రెండేళ్ళకొకసారి ఈ పరీక్ష జరిగింది. చేసినవారు డాక్టర్లు కారు. పదవ తరగతి చదివి, కొద్ది వారాలు శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు. పరీక్ష జరిగిన సమూహంలో ఈ కాన్సరు మరణాలు 31 శాతం తగ్గినట్లు 2013లో వెల్లడయింది.

అంతకంటె ఆలోచింపజేసేది మరాఠ్వాడాలోని ఉస్మానాబాదు జిల్లా అనుభవం. ఆ జిల్లాకు నేడు ధారాశివ్ అని పేరు. అక్కడ 1999లో ఆరంభమైన పరిశోధనలో 30 నుండి 59 ఏళ్ళ స్త్రీలు 1,31,746 మంది పాల్గొన్నారు. ఒక సమూహానికి వైరస్‌ను కనిపెట్టే పరీక్షను జీవితంలో ఒకే ఒక్కసారి జరిపారు. మరొక సమూహానికి ఏ పరీక్షా జరపలేదు. ఎనిమిదేళ్ళ అనంతరం లెక్క చూడగా, పరీక్ష జరిగిన సమూహంలో 127 మందికి, జరగని సమూహంలో 118 మందికి కాన్సరు బయటపడింది. అంకెలు చూస్తే పరీక్ష వల్ల ఒరిగిందేమీ లేదనిపిస్తుంది. కాని ముదిరిన దశలో వున్నవారు మొదటి సమూహంలో 39 మంది, రెండవ సమూహంలో 82 మంది. మరణించినవారు మొదటి దానిలో 34, రెండవ దానిలో 64. రెండు సమూహాలలోనూ స్త్రీల సంఖ్య ఇంచుమించు సమానమే. ఒక్క పరీక్ష మరణాలను దాదాపు సగానికి తగ్గించింది.

ఈ పరిశోధనలు వివాదానికీ తావిచ్చాయి. పోల్చి చూడటం కోసం కొందరికి పరీక్ష జరపకుండా వుంచటం ధర్మమా అని విమర్శకులు ప్రశ్నించారు. ఆనాడు దేశంలో అటువంటి పరీక్ష అమలులో లేనందున, వారికి అందినది మామూలుగా అందరికీ అందేదేనని నిర్వాహకులు సమాధానమిచ్చారు. ఆ వాదం ఎలా వున్నా, పరీక్ష జరగని ఆ సమూహం నేటికీ చెదరలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో ఎన్నడైనా ఈ పరీక్ష చేయించుకున్నవారు 1.9 శాతం మాత్రమే. అనగా నూటికి ఇద్దరు కూడా లేరు.

ఇందుకు కారణాలు లేకపోలేదు. బిడియం ఒకటి, కూలి పోతుందన్న చింత మరొకటి, "ఏమి తేలుతుందో" అన్న భయం వేరొకటి. నిజానికి పరీక్ష కొద్ది నిమిషాలలో ముగుస్తుంది. కొంత ఇబ్బందిగా అనిపించవచ్చు గాని కోత లేదు, మత్తు లేదు. బహిష్టు రోజులలో కాక ఇతర దినాలలో వెళ్ళటం మంచిది. వైరస్ పరీక్షకయితే నమూనాను స్త్రీ తానే తీసి ఇవ్వవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంగీకరించింది. పరీక్షలో దోషం కనిపిస్తే కాన్సరు వచ్చినట్లు కాదు. అటువంటి వారిలో చాలామందికి వున్నది కాన్సరుకు ముందు దశ, లేదా అంతకంటె స్వల్పమైన మార్పు మాత్రమే. అవసరమైనచోట ఆ భాగాన్ని వేడితోగాని, అతిశీతలంతోగాని నిర్మూలిస్తారు. సాధారణంగా గర్భసంచి తీయించుకోవలసిన పని వుండదు. కాని దోషం కనిపించిన పిమ్మట చికిత్సకు వెళ్ళకపోతే పరీక్ష వృథా.

భారత ప్రభుత్వం 2016లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం 30 నుండి 65 ఏళ్ళ స్త్రీలు ఐదేళ్ళకొకసారి ఆమ్ల పరీక్ష చేయించుకోవాలి. హెచ్.ఐ.వి. వున్న స్త్రీలకు ఈ కాన్సరు ముప్పు ఆరు రెట్లు అధికం. వారు 25వ ఏటినుండే, మరింత తరచుగా చేయించుకోవాలి. బాల్యంలో టీకా వేయించుకున్న వారికి కూడా పరీక్ష అవసరమే. టీకా అన్ని రకాల వైరస్‌లనూ అడ్డుకోలేదు. ముట్లుడిగిన తరువాత రక్తం కనిపించినా, భార్యాభర్తల కలయిక అనంతరం కనిపించినా, దుర్వాసనతో కూడిన స్రావం విడవకపోయినా పరీక్షల వంతు కోసం వేచివుండరాదు. వెంటనే డాక్టరును కలవాలి.

35 ఏళ్ళ లోపల ఒకసారి, 45 ఏళ్ళ లోపల మరొకసారి నూటికి 70 మంది స్త్రీలకు నమ్మకమైన పరీక్ష జరగాలని, 2030 నాటికి ఇది సాధించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో లక్ష్యం నిర్దేశించింది. ఇద్దరు కూడా లేని చోటినుండి 70కి చేరటం ఒక్క ప్రభుత్వంతో అయ్యేది కాదు. బిడ్డకు టీకా వేయించే రోజు, అత్తగారి కంటి చూపు పరీక్షించే రోజు ఇంట్లో అందరికీ గుర్తుంటుంది. ముప్పై దాటిన ఇల్లాలి పరీక్ష రోజును కూడా ఆ వరుసలో చేర్చి, ఆ పూట ఇంటిపని మరొకరు చూచుకుంటామంటే, ఆమె ఆరోగ్య కేంద్రానికి వెళ్ళగలుగుతుంది.