ఎంఏహెచ్ చూసి మోసపోకండి: అట్లాంటిక్ దాటిన రోబో చెప్పే బ్యాటరీ లెక్క

కొత్త ఫోన్ లాంచ్ అవ్వగానే మనం అడిగేది ఒకటే: బ్యాటరీ ఎంత? 5,000 ఎంఏహెచ్ అంటే పెదవి విరుస్తాం, 7,000 అంటే చప్పట్లు కొడతాం. నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైన నంబర్ ఇంకోటుంది. ఫోన్ ఖాళీగా పడి ఉన్నప్పుడు ఎంత చార్జింగ్ తినేస్తోంది? దీనికి నాకు దొరికిన మంచి ఉదాహరణ ఫోన్ కాదు, సముద్రంలో తనంతట తానే తిరిగే ఒక రోబో.

2009లో అమెరికాలోని రట్గర్స్ యూనివర్సిటీ వాళ్లు 'స్కార్లెట్ నైట్' అనే అండర్‌వాటర్ గ్లైడర్‌ని న్యూజెర్సీ తీరం దగ్గర నీళ్లలో వదిలారు. 221 రోజుల్లో అది దాదాపు 7,400 కిలోమీటర్లు వెళ్లి స్పెయిన్ చేరింది. మధ్యలో ఒక్కసారి కూడా చార్జింగ్ పెట్టలేదు.

ఎలా సాధ్యమైంది? దానికి తిరిగే ఫ్యాన్ లేదు. లోపలి పంపు కొంచెం నీళ్లు తీసుకుంటే మునుగుతుంది, బయటికి తోసేస్తే పైకి లేస్తుంది. ఆ కదలికనే రెక్కలు ముందుకు మళ్లిస్తాయి. పంపు పనిచేసేది పైన కాసేపు, కింద కాసేపు. మిగతా గంటలన్నీ బ్యాటరీ మీద బతికేది లోపలి ఎలక్ట్రానిక్సే. కదిలినా కదలకపోయినా పడే ఈ ఖర్చుని ఇంజినీర్లు 'హోటల్ లోడ్' అంటారు. గదిలో పడుకున్నా, బయట తిరిగినా అద్దె పడుతుంది కదా, అలాగన్నమాట.

ఆ అద్దె ఎంతో చిన్న లెక్క వేద్దాం. 15 వోల్టుల బ్యాటరీ మీద ఏదో ఒక చిప్ ఊరికే 5 మిల్లీఆంప్స్ లాగుతోందనుకోండి. చూడ్డానికి ఏమీ కాదు. కానీ 221 రోజులకి అది దాదాపు 398 వాట్-అవర్స్ అవుతుంది. 6,000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీలు 17 ఖాళీ అయినట్టే!

అందుకే ఇలాంటి వాహనాల్లో పవర్ బోర్డుకి అంత ప్రాధాన్యం. 15 వోల్టులని 3.3కి దించడానికి మామూలు లీనియర్ రెగ్యులేటర్ వాడితే 78 శాతం వేడిగా పోతుంది. మంచి బక్ కన్వర్టర్ అయితే 90 శాతం దాకా పనికొస్తుంది. అవసరం లేని సెన్సర్‌కి లోడ్ స్విచ్‌తో కరెంట్ పూర్తిగా కట్ చేస్తారు. ప్రాసెసర్‌ని నిద్రపుచ్చి, టైమర్‌తో లేపుతారు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ డేటా తీసుకునే ఆర్గో ఫ్లోట్లదీ ఇదే దారి. పది రోజులకోసారి లేచి పని చేస్తాయి, మిగతా సమయంలో చాలా వరకు నిద్రే. అలా ఏళ్ల తరబడి నడుస్తాయి.

ఫ్యాన్‌తో నడిచే వాహనాల్లో అయితే లాభం ఇంకా ఎక్కువ. స్పీడ్ రెట్టింపైతే పవర్ దాదాపు 8 రెట్లు కావాలి. కాబట్టి మెల్లగా వెళ్లడమే మేలు. కానీ మెల్లగా వెళ్తే ప్రయాణ సమయం పెరిగి, అద్దె కూడా పెరుగుతుంది. అందుకే హోటల్ లోడ్‌ని 8వ వంతుకి తగ్గిస్తే, సగం స్పీడ్‌తో అదే బ్యాటరీ మీద 4 రెట్లు దూరం వెళ్లొచ్చు. బ్యాటరీ సైజు ఒక్క సెంటీమీటర్ కూడా పెంచకుండా!

ఇప్పుడు మన ఫోన్‌కి వద్దాం. 6,000 ఎంఏహెచ్ ఫోన్ రాత్రి 8 గంటల్లో 10 శాతం దిగితే సగటున 75 మిల్లీఆంప్స్ ఊరికే పోతున్నట్టు. 2 శాతమే దిగే ఫోన్‌లో అది 15. లోపల పవర్ చిప్, మోడెమ్, బ్యాక్‌గ్రౌండ్ యాప్‌లని ఎంత జాగ్రత్తగా నడిపిస్తున్నారో ఈ తేడా చెప్పేస్తుంది. బాక్స్ మీద ఎంఏహెచ్ చెప్పదు.

ఫాస్ట్ చార్జింగ్ ఉందిగా అంటారేమో. చార్జర్ పక్కనే ఉంటే సరే. ఊరెళ్లే బస్సులోనో, కరెంట్ పోయిన రాత్రో అది అక్కరకు రాదు. పెద్ద బ్యాటరీ దండగ అని కూడా అనను. రోజంతా గేమ్స్ ఆడేవాళ్లకి స్క్రీనే ఎక్కువ తింటుంది, వాళ్లకి ఎంఏహెచ్ కావాల్సిందే. కానీ మనలో చాలామంది ఫోన్ ఎక్కువసేపు జేబులోనే ఉంటుంది.

ఇందులో రివ్యూలు రాసే మా తప్పూ ఉంది. వీడియో లూప్ పెట్టి ఎన్ని గంటలు వచ్చిందో రాస్తాం, రాత్రి ఎంత దిగిందో చాలాసార్లు రాయం. ప్రతి రివ్యూలో ఆ నంబర్ ఉండాలి.

అప్పటిదాకా మీరే చూసుకోండి. పడుకునే ముందు సిమ్, వైఫై ఆన్‌లోనే ఉంచి శాతం రాసుకోండి, లేవగానే మళ్లీ చూడండి. మూడు రాత్రులు చేస్తే చాలు. మీ ఫోన్ ఎంత అద్దె వసూలు చేస్తోందో తెలిసిపోతుంది.