శాంతమూర్తులైన చేపలు కావాలా నాయనా?

మాది కొండాపురం. హైదరాబాదు కొండాపూర్ కాదండోయ్, నెల్లూరు జిల్లాలో ఉదయగిరి వైపు! సముద్రం మాకే దూరం. కొండాపూర్ ఫ్లాట్లలోకి మాత్రం ఉప్పునీళ్ళ అక్వేరియం, అందులో పగడాలు వచ్చేశాయి. ఇక రంగురంగులుగా, శాంతంగా, గుంపుగా తిరిగే చేపలు కావాలిట.

షాపులో ముందు అంటగట్టేది గ్రీన్ క్రోమిస్. ఆరు తెస్తాం. కొన్నాళ్ళకి ఒకటో రెండో మిగులుతాయి. రోగమేమో అనుకుంటాం. ప్రతిసారీ రోగమే కానక్కర్లేదు, బలమైనది మిగతావాటిని తరిమి తరిమి చంపడమూ ఉంది. సముద్రంలో అవి గుంపు కట్టేది సరదాకి కాదు, పెద్ద చేపల భయానికి. అద్దాల పెట్టెలో ఆ భయమూ లేదు, పారిపోయే చోటూ లేదు. ఇంకెక్కడి శాంతం?

బంగ్గాయ్ కార్డినల్ కథ ఇంకా ఘోరం. దాని పుట్టిల్లు ఇండోనేషియాలోని బంగ్గాయ్ దీవులు. అక్వేరియంల కోసం పట్టీ పట్టీ, 2007లో ఐయూసీఎన్ ప్రమాద జాబితాకి ఎక్కించారు. పైగా జత కుదిరితే మిగతావాటిని బతకనివ్వవు.

పెంపకంలో పుట్టిన పైజామా కార్డినల్స్ అయితే నాలుగైదు కాస్త సర్దుకుంటాయి. అందుకే అడగండి, సముద్రంలో పట్టిందా, పెంచిందా అని. షాపువాడు నీళ్ళు నమిలితే వెనక్కి వచ్చేయండి.

ఫోను కొనడానికి నలభై రివ్యూలు చదివే మనం, ప్రాణాన్ని కొనేముందు ఒక్క ప్రశ్న అడగలేమా?