దిల్‌సుఖ్‌నగర్‌ బజారులో చిరువ్యాపారికి చోటెక్కడ?

దిల్‌సుఖ్‌నగర్‌: పెళ్లి బట్టలకైనా, పిల్లల చదువు సామానుకైనా నల్గొండ, ఇబ్రహీంపట్నం దారుల్లోని పల్లె జనానికి ఒకప్పుడు పట్నమంటే దిల్‌సుఖ్‌నగరే. విజయవాడ రహదారి, సాగర్‌ రహదారి ఎల్బీనగర్‌ వద్ద కలిసి నగరంలోకి సాగే దారిలో పెరిగిన బజారు ఇది. బస్సు దిగినవారు మరో వాహనం ఎక్కే పని లేకుండానే చీరలు, చెప్పులు, స్టీలు సామాను, పండ్లు కొనుక్కొని సాయంత్రం బస్సుకు తిరిగి వెళ్లేవారు. కాలినడకన తిరిగే కొనుగోలుదారే ఈ బజారుకు ఆయువుపట్టు. రెండు దశాబ్దాలుగా ఇక్కడ వస్తున్న మార్పులను తప్పుపట్టేవారు తక్కువే. ఆ మార్పుల భారం ఎవరి నెత్తిన పడుతోందన్నదే అసలు ప్రశ్న.

సరూర్‌నగర్‌లో నాలుగు దశాబ్దాలుగా నివసిస్తున్న ఓ విశ్రాంత ఉపాధ్యాయుడు ఈ పరిణామాన్ని కళ్లారా చూశారు. 1986లో పండ్ల మార్కెట్‌ జాంబాగ్‌ నుంచి గడ్డిఅన్నారానికి తరలివచ్చాకే కొత్తపేట వైపు బజారుకు ఊపు వచ్చిందని ఆయన చెబుతారు. ఆ తర్వాత కంప్యూటర్‌ కోర్సుల కాలం వచ్చింది. జిల్లాల నుంచి వచ్చిన విద్యార్థులతో హాస్టళ్లు నిండాయి. వారిని నమ్ముకుని జిరాక్సు దుకాణాలు, టిఫిన్‌ బండ్లు, కర్రీ పాయింట్లు వెలిశాయి. 2007లో గడ్డిఅన్నారం, ఎల్బీనగర్‌ మున్సిపాలిటీలు గ్రేటర్‌ హైదరాబాద్‌లో విలీనమయ్యాయి. 2013 ఫిబ్రవరి 21న జరిగిన జంట పేలుళ్లు 18 మందిని బలిగొన్నాయి. ఆ సాయంత్రం ప్రాణాలు పోయిన చోటు కూడా బస్టాపు, మిర్చి బజ్జీల బండి ఉన్న రద్దీ ప్రదేశమే. అంత ఘోరం తర్వాత కూడా జనం ఈ బజారును వదల్లేదు.

2018 సెప్టెంబర్‌ 24న అమీర్‌పేట-ఎల్బీనగర్‌ మెట్రో ప్రారంభమైంది. ప్రయాణం సులువైందనడంలో సందేహం లేదు. అయితే మెట్రో ప్రయాణికుడు దుకాణాల ముందు నుంచి కాక తలమీదుగా సాగిపోతాడు. ఒకనాడు గుడి పక్కన, థియేటర్‌ ఎదురుగా అని చెప్పుకున్న చిరునామాలకు నేడు స్తంభాల నంబర్లే ఆనవాళ్లు. బహుళ అంతస్తుల వస్త్ర దుకాణాల్లో బేరమాడే పని లేదు, అరువు అడిగే వీలూ లేదు. పంట డబ్బు చేతికొచ్చాక తీరుస్తానంటే మాట మీద సరుకిచ్చే పాత దుకాణాలు ఒక్కొక్కటిగా తగ్గిపోతున్నాయని ఆ ఉపాధ్యాయుడు పేర్కొంటున్నారు.

తరలింపుతో తలకిందులైన లెక్క

వీటన్నిటికన్నా పెద్ద దెబ్బ పండ్ల మార్కెట్‌ తరలింపు. 22 ఎకరాల్లోని ఆ మార్కెట్‌ను 2021లో మూసివేసి, తాత్కాలికంగా ఔటర్‌ రింగ్‌ రోడ్డు అవతలి బాటసింగారానికి మార్చారు. అంతకుముందు 2020 మేలో కొహెడలో చేసిన ప్రయత్నం గాలివానకు షెడ్లు కూలి, పలువురు గాయపడటంతో బెడిసికొట్టింది. శాశ్వత మార్కెట్‌ కోసం ఆ కొహెడలోనే 178 ఎకరాలు కేటాయించారు. ఖాళీ అయిన గడ్డిఅన్నారం స్థలంలో వెయ్యి పడకల ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌ 26న శంకుస్థాపన జరిగింది.

తరలింపునకు కారణాలు లేకపోలేదు. మామిడి కాలంలో లారీలు బారులు తీరితే కొత్తపేట కూడలిలో అంబులెన్సుకు సైతం దారి దొరికేది కాదు. ఈ వైపు జిల్లాలకు పెద్దాసుపత్రి అవసరమూ ఉంది. కానీ మార్కెట్‌ అంటే కమీషన్‌ ఏజెంట్ల దుకాణాలు మాత్రమే కాదు. హమాలీలు, పెట్టెలకు ఎండుగడ్డి పరిచే కూలీలు, తెల్లవారుజామున టీ కాచేవారు, రెండు పెట్టెల బత్తాయి కొని తోపుడుబండి మీద అమ్ముకునేవారు దాని నీడలోనే బతికారు. స్థలం కోసం ఏజెంట్లు న్యాయస్థానం మెట్లెక్కారు. బండివారికి ఆ స్థోమత ఎక్కడిది? మునుపు నడిచి వెళ్లి సరుకు తెచ్చుకున్నవారు ఇప్పుడు ఆటో కిరాయి పెట్టుకోవాలి. ఆ కిరాయిని పండు ధరపై వేస్తే కొనేవారు తగ్గుతారు, వేయకుంటే రోజు కూలి మిగలదు.

2014లో వచ్చిన వీధి విక్రేతల చట్టం ప్రకారం సర్వే పూర్తిచేసి, ధ్రువపత్రాలు ఇచ్చేవరకు ఎవరినీ ఖాళీ చేయించరాదు. కనీసం అయిదేళ్లకోసారి సర్వే జరగాలి. పట్టణ విక్రయ కమిటీలో విక్రేతల ప్రతినిధులు 40 శాతానికి తగ్గరాదు. 2020లో మొదలైన స్వనిధి పథకం కింద బ్యాంకులు వీరికి రుణాలూ ఇస్తున్నాయి. రుణమిచ్చే చేయి ఒకటైతే, రద్దీ పేరిట బండిని తొలగించే చేయి మరొకటి. ఈ రెండు చేతులకూ పొంతన కుదిరిన దాఖలా రోడ్డు మీద కనిపించదు. బజారులో పార్కింగ్‌కు చూపే శ్రద్ధలో కొంతైనా విక్రయ స్థలాల గుర్తింపుపై చూపితే బండివారికి నిలకడ దొరుకుతుంది.

మెట్రో స్తంభాల నీడన నేటికీ పండ్ల బండ్లు నిలుస్తూనే ఉన్నాయి. విజిల్‌ వినపడితే చాలు, నాలుగడుగులు ముందుకో, సందులోకో జరుగుతాయి. తాను రోజూ పండ్లు కొనే బండి ఏ పూట ఏ స్తంభం దగ్గర ఉందో వెతుక్కోవలసి వస్తోందని ఆ విశ్రాంత ఉపాధ్యాయుడు అంటున్నారు.