తూర్పారబడదాం... కానీ తాలు తీసి!

2022 జులైలో లోక్‌సభ సచివాలయం ఒక బుక్‌లెట్ వేసింది. సభలో వాడకూడని మాటల లిస్టు అది. అందులో 'హిపోక్రసీ' ఉంది. 'జుమ్లాజీవి' కూడా ఉంది. ప్రతిపక్షాలు గోల చేశాక, మేం ఏ మాటనూ నిషేధించలేదని స్పీకర్ ఓం బిర్లా సర్దిచెప్పారు.

ఢిల్లీలో సంగతి అది. మన సూర్యాపేట బస్టాండ్ ముందు టీ కొట్టుకి అలాంటి లిస్టులేం లేవు. ప్రధాని నరేంద్ర మోదీని "అబద్ధాలకోరు" అనేవాళ్లు అక్కడ పొద్దున్నే దొరుకుతారు. "దేవుడు" అనేవాళ్లూ అదే బెంచీ మీద కూర్చుంటారు. కోదాడలోనూ అంతే, మిర్యాలగూడ మిల్లుల దగ్గరా అంతే. ఇద్దరి చేతుల్లోనూ ఫోనే. ఇద్దరి దగ్గరా వీడియోలే.

మరి ఎవరి మాట నిజం?

ఎవరినైనా గట్టిగా విమర్శిస్తే 'తూర్పారబట్టారు' అంటాం కదా. వరి పండే మన దగ్గర పుట్టిన మాటే అది. హార్వెస్టర్లు రాకముందు వడ్లను చేటతో ఎత్తి గాలికి పోసేవాళ్లు. బరువున్న గింజ కాళ్ల దగ్గర పడేది, తాలు ఎగిరిపోయేది. ఇప్పుడు మనం తూర్పారబట్టడం అంటే తాలునే ఎగరేసి, అదే పంట అనుకుంటున్నాం. మోదీ మీద ఆరోపణల్లో ఏది తాలు, ఏది గింజ? ఇవాళ ఆ పని చేద్దాం.

పదిహేను లక్షలు: సగం తాలు

అందరికీ నోటికొచ్చిన ఆరోపణ ఇదే. "అకౌంట్లో పదిహేను లక్షలు వేస్తా అన్నాడు, ఏవి?"

2013 నవంబర్ 7న ఛత్తీస్‌గఢ్‌లోని కాంకేర్ సభలో మోదీ ఏమన్నారు? విదేశాల్లో దాచిన నల్లధనం మొత్తం వెనక్కి వస్తే, ఒక్కో పేదవాడికి పదిహేను ఇరవై లక్షలు ఊరికే వచ్చేస్తాయన్నారు. అంటే, నల్లధనం ఎంత పెద్దదో చెప్పడానికి వేసిన లెక్క. 'మీ ఖాతాలో నేను వేస్తా' అన్న మాట అందులో లేదు. కాబట్టి ఆ మీమ్ మక్కీకి మక్కీ నిజం కాదు.

కానీ కథ అక్కడితో అయిపోలేదు. ఎన్నికల్లో ఆ మాట ఊరూరా హామీలాగే తిరిగింది. అది హామీ కాదని ఎన్నికలయ్యే దాకా ఎవరూ గట్టిగా చెప్పలేదు. గెలిచాక, 2015 ఫిబ్రవరిలో టీవీ ఇంటర్వ్యూలో అమిత్ షా దాన్ని 'జుమ్లా' అన్నారు. అంటే ఉత్త ఎన్నికల మాట అని. ఓడ దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న!

ఇక్కడ అబద్ధం చెప్పారనడం కష్టం. జనం తప్పుగా అనుకుంటున్నారని తెలిసీ, లాభమే కదా అని ఊరుకున్నారనడం మాత్రం న్యాయమే. రెండూ ఒకటి కాదు.

యాభై రోజులు: మాట తప్పింది

2016 నవంబర్ 8 రాత్రి వెయ్యి, ఐదొందల నోట్లు రద్దయ్యాయి. అప్పుడు మీలో చాలామంది స్కూల్లో ఉండి ఉంటారు. ఏటీఎం లైన్లో నిలబడింది మీ అమ్మానాన్నలు. నవంబర్ 13న గోవాలో మోదీ, డిసెంబర్ 30 దాకా యాభై రోజులు టైమివ్వండి, ఆ తర్వాత నా తప్పు కనిపిస్తే దేశం వేసే ఏ శిక్షకైనా సిద్ధం అన్నారు.

రద్దయిన నోట్ల విలువ 15.41 లక్షల కోట్లు. అందులో 15.31 లక్షల కోట్లు, అంటే 99.3 శాతం, బ్యాంకులకు తిరిగొచ్చిందని రిజర్వ్ బ్యాంకే 2018లో చెప్పింది. నల్లధనం కట్టలుగా మురిగిపోతుందన్న ఆశ అక్కడే పోయింది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు నోట్ల రద్దు చట్టబద్ధమే అంది, 4-1 మెజారిటీతో. కానీ చట్టం ఒప్పుకోవడం వేరు, చెప్పిన ఫలితం రావడం వేరు. తప్పు జరిగిందని ప్రధాని నోటి నుంచి మాట రాలేదు, శిక్ష సంగతి ఎవరూ ఎత్తలేదు.

అయినా ఒకటి గుర్తుపెట్టుకోవాలి. అనుకున్నది జరగకపోతే అది వైఫల్యం. జరగలేదని తెలిశాక కూడా బ్రహ్మాండం అంటే అప్పుడు నిజాయితీ ప్రశ్న వస్తుంది.

మద్దతు ధర: గింజ ఇక్కడుంది

రీల్స్‌లో పెద్దగా కనబడని ఆరోపణ ఒకటుంది. సాగర్ ఎడమ కాలువ కింద వరి వేసే ప్రతి ఇంటికీ తగిలేది అదే.

2014 బీజేపీ మేనిఫెస్టోలో రైతుకు ఉత్పత్తి ఖర్చు మీద కనీసం 50 శాతం లాభం వచ్చేలా చూస్తామన్నారు. 2015లో అదే ప్రభుత్వం సుప్రీంకోర్టుకు అఫిడవిట్ ఇచ్చింది. ఖర్చు మీద 50 శాతం కలిపి ధర ఇవ్వడం కుదరదు, మార్కెట్ దెబ్బతింటుంది అని. మళ్లీ 2018 బడ్జెట్లో అరుణ్ జైట్లీ, ఖర్చుకు ఒకటిన్నర రెట్లు ఇస్తున్నాం, మాట నిలబెట్టుకున్నాం అన్నారు.

కుదరనిది మూడేళ్లలో ఎలా కుదిరింది? కిటుకు 'ఖర్చు' అన్న మాటలో ఉంది.

రైతు ఖర్చును ప్రభుత్వమే రెండు మూడు రకాలుగా లెక్కేస్తుంది. విత్తనం, ఎరువులు, మందులు, కూలీలు లాంటి చేతి ఖర్చుకి ఇంట్లోవాళ్ల కష్టం కలిపితే ఒక లెక్క. దానికి సొంత భూమి కౌలు విలువ, సొంత పెట్టుబడి మీద వడ్డీ కూడా కలిపితే ఇంకో లెక్క. 2018-19లో వరి క్వింటాకి మొదటి లెక్క ప్రకారం ఖర్చు 1,166 రూపాయలు. రెండో లెక్క ప్రకారం 1,560. రైతు సంఘాలు అడిగేది రెండో లెక్క. ప్రభుత్వం తీసుకున్నది మొదటిది.

1,166కి ఒకటిన్నర రెట్లు 1,749. ఆ ఏడు మద్దతు ధర 1,750. లెక్క సరిపోయింది! కానీ 1,560కి ఒకటిన్నర రెట్లు 2,340. తేడా క్వింటాకి 590 రూపాయలు. ఎకరానికి పాతిక క్వింటాళ్లు పండిందనుకుంటే 14,750 రూపాయలు. నల్గొండ జిల్లాలో కౌలు రైతుకి ఆ సొమ్ము చిన్నది కాదు. పైగా అతను కౌలు జేబులోంచి కడతాడు.

ఇది పచ్చి అబద్ధమా? కాదు. మేనిఫెస్టోలో ఏ ఖర్చో రాయలేదు. కానీ సభలో చెప్పినప్పుడు రైతుకి వినబడింది ఒక ఖర్చు, ఫైల్లో రాసుకుంది ఇంకో ఖర్చు. కాంటా మార్చి తూకం సరిపోయింది అనడం అంటే ఇదే.

ఇంకోటి. 2011లో వినియోగదారుల వ్యవహారాల మీద ముఖ్యమంత్రుల కమిటీకి మోదీయే అధ్యక్షుడు. రైతుకీ వ్యాపారికీ మధ్య మద్దతు ధర కంటే తక్కువకి కొనుగోలు జరగకుండా చట్టంలో రాయాలని ఆ కమిటీ సిఫారసు చేసింది. 2020లో ఆయన ప్రభుత్వమే తెచ్చిన మూడు సాగు చట్టాల్లో ఆ వాక్యం లేదు. రైతులు ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాది కూర్చున్నాక 2021 నవంబర్ 19న చట్టాలు వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించారు. అలా తీసుకోవడాన్ని ద్వంద్వనీతి అనక్కర్లేదు, జనం మాట వినడం తప్పు కాదు. కానీ ముఖ్యమంత్రిగా తాను సిఫారసు చేసినదాన్ని ప్రధానిగా ఎందుకు చట్టం చేయలేదు? ఈ ప్రశ్నకి సూటిగా జవాబు ఇంతవరకూ లేదు.

బోనస్: రెండు నాల్కలు

2014 జూన్‌లో కేంద్రం రాష్ట్రాలకి ఒక లెటర్ రాసింది. మద్దతు ధర మీద మీరు బోనస్ ఇస్తే, మీ రేషన్ అవసరాలకి మించిన ధాన్యాన్ని మేం తీసుకోం అని. సరే, ఖజానా కష్టం, మార్కెట్ లెక్క, ఒప్పుకుందాం.

2022 జులైలో మోదీ, ఉచితాలు పంచి ఓట్లడిగే 'రేవడి కల్చర్' దేశానికి ప్రమాదం అన్నారు. అదీ ఒక వాదనే, ఒప్పుకుందాం.

2023 నవంబర్లో ఛత్తీస్‌గఢ్ ఎన్నికలొచ్చాయి. 'మోదీ గ్యారంటీ' పేరుతో బీజేపీ ఏం చెప్పింది? వడ్లు క్వింటా 3,100కి కొంటాం అని. ఆ ఏడు మద్దతు ధర 2,183. పైన కలిపేది 917 రూపాయలు! తెలంగాణ మేనిఫెస్టోలోనూ అదే 3,100. రాష్ట్రాలు చేస్తే వద్దన్న పనే, మన పార్టీ చేస్తే గ్యారంటీ అయింది.

ద్వంద్వనీతి అనే మాట ఇక్కడ అతికినట్టు సరిపోతుంది. దీనికి ఎడిట్ చేసిన వీడియో అక్కర్లేదు. లెటర్ ఉంది, మేనిఫెస్టో ఉంది, తేదీలున్నాయి.

రెట్టింపు ఆదాయం

2016 ఫిబ్రవరిలో బరేలీ సభలో మోదీ, 2022కి రైతుల ఆదాయం రెట్టింపు కావాలన్నది తన కల అన్నారు. నాబార్డు సర్వే ప్రకారం వ్యవసాయ కుటుంబం నెల ఆదాయం 2016-17లో 8,931 రూపాయలు. 2021-22లో 13,661. పెరిగింది, రెట్టింపు కాలేదు. ధరల పెరుగుదల తీసేస్తే ఇంకా తగ్గుతుంది. 2022 వచ్చింది, వెళ్లింది. గడువు గురించి చప్పుడు లేదు.

ఆయన వైపు నుంచీ చూద్దాం. వరి మద్దతు ధర 2013-14లో 1,310 ఉంటే 2025-26కి 2,369 అయింది. పీఎం కిసాన్ కింద ఏడాదికి ఆరు వేలు నేరుగా ఖాతాలో పడుతున్నాయి. ఇవీ తూకంలో వేయాల్సిందే. వేయనివాడు విమర్శకుడు కాదు, అభిమానికి అవతలి రకం, అంతే.

మన ఇంటి కాంటా

ఇప్పుడు అసలు పరీక్ష. మన నల్గొండ లోక్‌సభ సీటులో మోదీని తిట్టడానికి ధైర్యం అక్కర్లేదు బాస్! ఇక్కడ బీజేపీ ఎప్పుడూ గెలవలేదు. 2024లో కాంగ్రెస్‌కి ఐదున్నర లక్షలకి పైగా మెజారిటీ వచ్చింది. తిడితే లైకులే లైకులు. మరి అదే కాంటా మనవాళ్లకి పెడతామా?

2021 యాసంగి గొడవ గుర్తుందా? ఎండల్లో కోసిన వడ్లని పచ్చి బియ్యంగా ఆడిస్తే నూకలవుతాయి. అందుకే మిర్యాలగూడ మిల్లుల్లో ఉప్పుడు బియ్యం చేస్తారు. కేంద్రం అది ఇక తీసుకోం అంది. ఇకపై ఉప్పుడు బియ్యం ఇవ్వబోమని రాష్ట్రమే రాసిచ్చిందని కూడా చెప్పింది. బలవంతంగా రాయించుకున్నారని అప్పటి సీఎం కేసీఆర్ అన్నారు. లెటర్ ఒకటే, కథలు రెండు. మధ్యలో రైతు ఐకేపీ సెంటర్ దగ్గర కుప్ప మీద టార్పాలిన్ కప్పుకుని కూర్చున్నాడు. ఆ నవంబర్లో బండి సంజయ్ మన కొనుగోలు కేంద్రాలు చూడ్డానికొస్తే రెండు పార్టీల జెండాల మధ్య రాళ్లు లేచాయి. రైతుల్ని వరి వద్దన్న కేసీఆర్, ఎర్రవల్లి ఫాంహౌస్‌లో తాను వరే వేశారని అప్పటి పీసీసీ అధ్యక్షుడు రేవంత్ రెడ్డి ఆరోపించారు.

తర్వాత రేవంత్ వంతు. 2023లో కాంగ్రెస్ వరికి క్వింటాకి 500 బోనస్ అంది. గెలిచాక, 2024లో, అది సన్నాలకే అన్నారు. దొడ్డు వడ్లు పండించినవాళ్లు నోరెళ్లబెట్టారు. రైతు భరోసా ఎకరానికి 15 వేలన్నది 12 వేలు దగ్గర ఆగింది. ఖర్చు మీద 50 శాతం అన్న స్వామినాథన్ కమిషన్ సిఫారసుని 2007లో పక్కనపెట్టింది కూడా అప్పటి కాంగ్రెస్ ప్రభుత్వమే.

'ఖర్చు' అన్న మాటకి మోదీ ప్రభుత్వం అర్థం కుదించింది. 'వరి' అన్న మాటకి రేవంత్ ప్రభుత్వం అర్థం కుదించింది. మొదటిది మోసమని పోస్టు పెట్టి, రెండోది 'ఆర్థిక పరిస్థితి' అని సర్దుకుంటే, అప్పుడు హిపోక్రసీ ఎవరిది?

అలాగని 'అందరూ దొంగలే' అని చేతులు దులుపుకోవడమూ కుదరదు. అది సోమరితనం. ప్రధాని కుర్చీ పెద్దది. ఆయన ఒక్క మాట మారిస్తే దేశమంతా ఖర్చు లెక్క మారుతుంది. కుర్చీని బట్టి బాధ్యత. కాబట్టి ఆయన్ని అడిగే ప్రశ్న అందరికంటే గట్టిగానే ఉండాలి. గట్టిగా అంటే అరుపు కాదు, ఆధారం.

ఐకేపీ సెంటర్లో వడ్లు పోస్తే మీటర్ పెడతారు. తేమ 17 శాతం దాటితే వెనక్కి పంపుతారు. ఆ మీటరుకి ఇది ఏ కులం రైతు, ఏ పార్టీ రైతు అని తెలీదు. మీ ఫోన్లోకి వచ్చే ప్రతి ఆరోపణకీ అలాంటి మీటరొకటి పెట్టండి. ఎప్పుడన్నారు? సరిగ్గా ఏ మాటన్నారు? తర్వాత కాగితం మీద ఏం చేశారు? ఈ మూడింటికీ జవాబుంటే షేర్ కొట్టండి, అది ఎవరి మీదైనా సరే.

పదిహేను లక్షల మీమ్‌కి ఏ నాయకుడూ భయపడడు. నవ్వి ఊరుకుంటాడు. 590 రూపాయల లెక్క అడిగితే మాత్రం జవాబు వెతుక్కోవాలి. వచ్చే ఎన్నికల్లో మన ఊరి మైకు ముందుకి ఎవరొచ్చినా సరే, మొదట ఆ లెక్కే అడగండి.