ఇంటర్నెట్‌కూ ఓ తూము కావాలి!

"అమ్మా, పాఠం ఆగిపోయింది!" అని కింద గదిలోంచి అమ్మాయి కేకేసిందంటే, మేడ మీద బావగారి పిల్లలు టీవీలో సినిమా పెట్టారన్నమాటే! ఒకే కనెక్షన్ ఉన్న ఉమ్మడి ఇళ్లలో సాయంత్రమైతే ఇదే తంతు. "అంతా మీవాళ్లే వాడేస్తున్నారు" అని ఒక్క మాట నోరు జారితే చాలు, తోడికోడళ్ల మధ్య వారం రోజులు మాటలుండవు. అంతదాకా పోకుండా సర్దుకునే ఉపాయం ఒకటుంది.

ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా తీగలు లాగి, మొదట్లో నెలకు రూ.149కే 15 ఎంబీపీఎస్ వేగం ఇస్తామన్నారు. ఏ కంపెనీదైనా సరే, ఆ అంకె ఇంటిల్లిపాదికీ కలిపి! వంశధార కాలువ సంగతి మనకు తెలియంది కాదు. గొట్టా బ్యారేజీ నుంచి నీళ్లొదిలినా, ఎగువ తూములు బార్లా తెరిస్తే శివారు పొలానికి చుక్క అందదు. ఇక్కడా అంతే.

రౌటర్ నుంచి మేడకీ గదులకీ వైర్లు పంచే చిన్న పెట్టెను స్విచ్ అంటారు. మామూలు రకంలో ఈ సదుపాయం ఉండదు. కొనేటప్పుడే "స్మార్ట్ స్విచ్ కావాలి, పోర్టుకి రేట్ లిమిట్ ఉండాలి" అని అడగండి. అమర్చే పద్ధతి ఇదీ:

1. కంప్యూటర్లో స్విచ్ అడ్రసు కొట్టి, పాస్‌వర్డ్‌తో లోపలికెళ్లండి. బ్యాండ్‌విడ్త్ కంట్రోల్ లేదా రేట్ లిమిట్ అనే చోట, మేడకు వెళ్లే వైరు ఏ పోర్టుదో చూసి దాన్ని ఎంచుకోండి. పైన వైఫై పెట్టె ఆ వైరుకే తగిలించి ఉంటే, పైవాళ్ల ఫోన్లన్నీ ఈ లెక్కలోకే వస్తాయి.

2. అక్కడ రెండు గళ్లుంటాయి. ఇన్‌గ్రెస్ అంటే స్విచ్‌లోకి వచ్చేది, అంటే మేడవాళ్లు పంపేది. ఎగ్రెస్ అంటే స్విచ్ నుంచి వాళ్లకు వెళ్లేది. సినిమా దిగేది ఎగ్రెస్‌లోనే. చాలామంది ఇక్కడే తికమకపడతారు.

3. అంకెను కొన్ని స్విచ్‌లు కేబీపీఎస్‌లో అడుగుతాయి. 10 ఎంబీపీఎస్ కావాలంటే 10,000 వేయాలి. ఉత్త 10 వేశారో, పైన అన్నీ ఆగిపోతాయి!

4. చివర్లో 'సేవ్' నొక్కడం మరవొద్దు. కొన్నింట్లో అది నొక్కకపోతే, కరెంటు పోయొచ్చేసరికి పెట్టినదంతా చెరిగిపోతుంది. మన ఊళ్లలో కరెంటు సంగతి చెప్పాలేటి!

ఎంత పెట్టాలంటారా? మీది 30 ఎంబీపీఎస్ కనెక్షన్ అనుకుందాం. మంచి బొమ్మతో సినిమాకు 5 దాకా, వీడియో పాఠానికి రెండు మూడు చాలు. మేడకు 10 పెడితే పైవాళ్ల సినిమా ఆగదు, కింద పాఠమూ తెగదు. మరీ బిగించేస్తే మాత్రం హద్దు దాటినదాన్ని స్విచ్ పారేస్తుంది. అది మళ్లీ మళ్లీ రావలసి, బొమ్మ గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. ఇంకో లోటేమిటంటే, కింద అందరూ పడుకున్నా పైవాళ్లకు ఆ 10కి మించి రాదు. అందుకే ఎక్కువ తాగే పోర్టుకే హద్దు పెట్టి, మిగతావి వదిలేయండి. రెండ్రోజులు చూసి అంకె మార్చుకోవచ్చు.

ఒక్క మాట. ముందుగా మీ తోడికోడలిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ అంకె ఇద్దరూ కలిసే వేయండి. చెప్పకుండా పెడితే కోత పెట్టినట్టుంటుంది, చెప్పి పెడితే వంతులేసుకున్నట్టుంటుంది.