అనుమానం ప్రేమ కాదు.. రాజీకి ముందు భద్రత చూడాలి

'ఎక్కడున్నావ్? ఎవరితో మాట్లాడుతున్నావ్? ఫోన్ ఎందుకు ఎత్తలేదు?' చాలా ఇళ్లలో గొడవ ఈ ప్రశ్నలతోనే మొదలవుతుంది. చెయ్యి లేచేది ఆ తర్వాతే. పెద్దలు మాత్రం 'ప్రేమ ఎక్కువ కాబట్టే అనుమానం, సర్దుకుపోమ్మా' అంటారు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో పెళ్లయిన 18-49 ఏళ్ల మహిళల్లో 36.9 శాతం మంది భర్త చేతిలో హింసకు గురయ్యారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 30 శాతం, దేశవ్యాప్తంగా 29.3 శాతం. వేరే మగవాళ్లతో మాట్లాడితే కోపం, పుట్టింటికి దూరం చేయడం, ఎప్పుడు ఎక్కడుందో చెప్పి తీరాలనడం.. వీటిని ఈ సర్వే ప్రేమ కింద కాదు, పెత్తనం కింద లెక్కేస్తుంది.

ఈ పెత్తనం వెనుక చాలాసార్లు వదిలేసి పోతుందేమోనన్న భయం ఉంటుంది. చిన్నతనంలో పెంచినవాళ్ల ఆసరాపై నమ్మకం కుదరకపోతే ఆ అభద్రత తర్వాతి బంధాలనూ వెంటాడుతుందని బ్రిటిష్ మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ చెప్పారు. 1987లో సిండీ హాజన్, ఫిలిప్ షేవర్ ఈ ఆలోచనను ప్రేమ బంధాలకూ వర్తింపజేశారు. బెంగపడేవారు వెంటపడి నిలదీస్తారు. ఎదుటివారు గొడవెందుకని మౌనంగా తప్పుకుంటారు. ఆ మౌనంతో బెంగ ఇంకా పెరుగుతుంది.

అయితే భయపడేవాళ్లంతా కొట్టరు. ఆఫీసులో బాస్ ఎంత తిట్టినా లేవని చెయ్యి ఇంట్లో లేస్తోందంటే, అడిగేవాళ్లు లేరన్న ధీమాయే కారణం. భయాన్ని అర్థం చేసుకోవచ్చు గానీ సాకుగా ఒప్పుకోకూడదు.

రాజీ పంచాయితీలు తప్పుతున్నది ఇక్కడే. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెడితే ఆమె నోరు విప్పలేదు. విప్పితే ఇంటికెళ్లాక దెబ్బలు తప్పవు. అందుకే ముందు ఆమెతో విడిగా మాట్లాడాలి. గొంతు నులిమాడా, చంపుతానన్నాడా అని సూటిగా అడగాలి. విడిపోతానన్న సమయంలోనే ప్రమాదం ఎక్కువని గుర్తుంచుకోవాలి.

2005 నాటి గృహహింస చట్టం కింద ఆమె రక్షణ ఉత్తర్వు కోరవచ్చు. ఇల్లు భర్త పేరు మీదున్నా, అత్తమామల పేరు మీదున్నా తాను కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకుంది. 181 హెల్ప్‌లైన్, సఖి కేంద్రాలు, హైదరాబాద్‌లో భరోసా కేంద్రం అందుబాటులో ఉన్నాయి.

భర్తలోని అభద్రతకు చికిత్స అవసరమే. కానీ అది అతను చేయించుకోవాల్సింది, ఆమె దెబ్బలు తిని నయం చేయాల్సింది కాదు.